చీకట్లో కదిలేది పందేనా?
రైఫిలుపై బిగించే రాత్రి దుర్భిణిని ఎంత దూరం నమ్మవచ్చు?

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజులు వచ్చాయంటే అడవి అంచు ఊళ్ల రైతుకు కంటిమీద కునుకు ఉండదు. పొద్దుగూకే వేళకు అన్నం మూట కట్టుకుని మంచె ఎక్కాలి. డబ్బా వాయించాలి, టపాకాయ పేల్చాలి, తెల్లారేదాకా టార్చిలైటు తిప్పుతూ కూర్చోవాలి. చేను చుట్టూ పాత చీరలు కట్టినా ఆ భయం నాలుగు రోజులే. ఐదో నాడు పంది చీర కిందినుంచే దూరుతుంది. మంద పడిందంటే చేలో కంకి మిగలదు.

ఇలాంటి సమయంలో ఎవరో ఒకరు సెల్‌ఫోనులో బొమ్మ చూపిస్తారు. రైఫిలుపై బిగించే డిజిటల్ నైట్ విజన్ స్కోపు అట, చిమ్మచీకట్లో అరకిలోమీటరు అవతల ఉన్న పందిని పట్టపగల్లా చూపుతుందట. అది ఒకటి ఉంటే మన బాధ తీరదా అని రైతులు అడగటంలో తప్పు లేదు. అయితే ఆ అరకిలోమీటరు లెక్క ఎలా కట్టారో తెలుసుకోవాలి.

రాత్రి చూపు మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. మన బందరులో సైన్యం కోసం రాత్రి దుర్భిణులు తయారవుతున్నాయి. అక్కడి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో కలిసింది. సైన్యం వాడే పాత రకం దుర్భిణిలో ఒక గొట్టం ఉంటుంది. నక్షత్రాల నుంచి వచ్చే కొద్దిపాటి వెలుగును అది వేల రెట్లు పెంచి ఆకుపచ్చ బొమ్మగా చూపిస్తుంది. దానికి పగటి ఎండ తగిలితే చెడిపోతుంది, ఖరీదు కూడా ఎక్కువే.

డిజిటల్ రకం అలా కాదు. దాదాపు సెల్‌ఫోను కెమెరా వంటిదే. కంటికి కనిపించని పరారుణ కాంతిని వెదజల్లే చిన్న టార్చి ఒకటి దానికి జతగా ఉంటుంది. ఆ కాంతి జంతువు మీద పడి తిరిగి వస్తే కెమెరా పట్టుకుని లోపలి చిన్న తెర మీద వేస్తుంది. పగలూ పనిచేస్తుంది, ధరా తక్కువ. మూడో రకం థర్మల్. దానికి టార్చి అక్కరలేదు, ఒంటి వేడినే చూస్తుంది. అయితే అద్దం అడ్డమొచ్చినా, దట్టమైన మొక్కజొన్న ఆకు అడ్డమొచ్చినా దానికీ ఏమీ కనిపించదు.

డిజిటల్ స్కోపును దూరాన పరీక్షిస్తే ముందు చేతులెత్తేసేది టార్చి. దూరం రెట్టింపైతే జంతువు మీద పడే కాంతి నాలుగో వంతు అవుతుంది. 100 మీటర్ల దగ్గర ఉన్న వెలుగు 400 మీటర్లకు వెళ్లేసరికి పదహారో వంతు. అందుకని 100 మీటర్లలో మీసాలు కూడా కనిపించే బొమ్మ 300 దాటాక బూడిద చల్లినట్టు అవుతుంది. మంచు పడే రాత్రుల్లో సంగతి ఇంకా అధ్వానం. పొగమంచులో లారీ పెద్ద లైటు వేస్తే ముందంతా తెల్లగా ఎలా అవుతుందో ఇదీ అంతే. స్కోపు ముందర ఒక ఎండు గడ్డిపోచ ఊగినా చాలు, అదే తళతళ మెరుస్తుంది, కెమెరా దానికి సర్దుకుని వెనక ఉన్నదాన్ని చీకటి చేసేస్తుంది. 850 నానోమీటర్ల టార్చి దూరం పోతుంది కాని దాని మూతి వద్ద ఎర్రటి నిప్పుకణిక వంటిది కనిపిస్తుంది. 940 నానోమీటర్లదైతే ఆ కణిక కనిపించదు, దూరమూ పోదు.

ఇక కనిపించటం వేరు, ఫలానాదని పోల్చుకోవటం వేరు. అమెరికాలోని వర్జీనియాలో ఫోర్ట్ బెల్వాయిర్ అనే సైనిక పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి జాన్ జాన్సన్ అనే శాస్త్రవేత్త సైనిక వాహనాల నమూనాలను, మనిషి నమూనాను రాత్రి దుర్భిణుల్లో చూపించి, చూసేవారు ఎప్పుడు ఏది చెప్పగలుగుతున్నారో కొలిచాడు. 1958లో ఆ ఫలితాలు చెప్పాడు. నేటి తెర మీద చుక్కల లెక్కలోకి మారిస్తే సంగతి ఇది. వస్తువు సన్నటి వైపు కొలతలో 2 చుక్కలు పడితే ‘అక్కడేదో ఉంది’ అనవచ్చు. అది మనిషా, వాహనమా అని తేల్చటానికి 8 చుక్కలు కావాలి. ఏ రకం వాహనమో చెప్పాలంటే 13. అదీ సగం సార్లు సరిగ్గా చెప్పటానికే. మిగతా సగం తప్పేనన్న మాట.

మన పందికి ఈ లెక్క వేద్దాం. రెండడుగుల ఎత్తు, అంటే సుమారు 60 సెంటీమీటర్లు. 35 మిల్లీమీటర్ల కటకం, 17 మైక్రాన్ల చుక్కలు గల థర్మల్ స్కోపులో ఒక్కో చుక్క 100 మీటర్ల దూరాన దాదాపు 5 సెంటీమీటర్ల మేర కప్పుతుంది. 600 మీటర్లలో పంది మీద 2 చుక్కలు పడతాయి. 8 చుక్కలు కావాలంటే 150 మీటర్లకు రావాలి. అట్టపెట్టె మీద అచ్చువేసే దూరం చాలాసార్లు మొదటి లెక్కదే, అదీ ఆరడుగుల మనిషి నిలబడి ఉన్నాడనుకుని కట్టినది. డిజిటల్ స్కోపులో చుక్కలు బాగా చిన్నవి, 400 మీటర్లలో కూడా పంది మీద పాతికకు తగ్గవు. కానీ వెలుగే చాలనప్పుడు చుక్కలెన్ని ఉంటే ఏం లాభం?

కళ్ల సంగతి ఒకటి ఉంది, ఇది వేటకాళ్లు కూడా పొరబడే చోటు. ఆవు, మేక, కుక్క, చిరుత వంటి వాటి కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. పరారుణ టార్చి వేస్తే వాటి కళ్లు దీపాల్లా మెరుస్తాయి. పంది కంటికి ఆ పొర లేదు కనుక అంతగా మెరవవు. కళ్లు మెరవకపోతే పందేనని కొందరు తేల్చేస్తారు. మనిషి కంటికీ ఆ పొర లేదు. దుప్పటి కప్పుకుని గట్టు మీద ముడుచుకు కూర్చున్న కాపలాదారు, నీళ్లు కట్టటానికి వచ్చి మడవ దగ్గర వంగిన కూలీ 300 మీటర్ల దూరాన తెర మీద ఎలా ఉంటారో వేరే చెప్పాలా?

గుండు కూడా తిన్నగా పోదు. 100 గజాలకు గురి కుదిర్చిన 308 బోరు రైఫిలు గుండు 300 గజాలు వెళ్లేసరికి అడుగు పైనే కిందికి దిగుతుంది. చీకట్లో దూరం కంటితో అంచనా కట్టలేం. గురి తప్పిన గుండు చేలో ఆగుతుందన్న భరోసా లేదు. చిన్నదనుకునే 22 బోరు తూటాల పెట్టె మీదే మైలున్నర దూరం ప్రమాదమని రాసి ఉంటుంది. మైలున్నరలో మన వైపు రెండు ఊళ్లుంటాయి.

చట్టం మాట మరవరాదు. 1959 ఆయుధాల చట్టంలో పంట కాపలా కోసమని ప్రత్యేకంగా చెప్పింది ముందునుంచి మందు దట్టించే తుపాకీకే. దాని మీద ఈ స్కోపు బిగించటం ఎడ్లబండికి విమానం చక్రాలు తొడిగినట్టే. పైగా లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన పందిని కొట్టే హక్కు రాదు. 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షను కింద రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. పొరుగున తెలంగాణలో 2021లో సర్పంచులకు గౌరవ వన్యప్రాణి సంరక్షకుల హోదా ఇచ్చి, పంటను నాశనం చేసే పందులను అర్హులైన షూటర్ల చేత కాల్పించే వీలు కల్పించారు. అలా వచ్చే షూటర్ల చేతుల్లో ఈ పరికరాలు ఉండవచ్చు. ఊరి పెద్దలు వారిని అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి: మీ స్కోపులో ఏ దూరంలో పోల్చుకోగలరు? గుండు వెనక మట్టికట్ట ఉందా? ఈ రాత్రి చేలల్లో ఎవరెవరున్నారో లెక్క చూశారా?

పరీక్షించాలంటే తుపాకీ అవసరమే లేదు. స్కోపును ఊడదీసి ముక్కాలి పీట మీద పెట్టించండి. పగలే టేపుతో 100, 200, 300 మీటర్లు కొలిచి గుర్తులు పెట్టండి. అట్టముక్కతో పంది ఆకారం ఒకటి, దూడది ఒకటి, వంగి కూర్చున్న మనిషిది ఒకటి కత్తిరించండి. వెన్నెల లేని రాత్రి ఏది ఎక్కడ పెట్టారో చూసేవాడికి తెలియకుండా మార్చి మార్చి నిలబెట్టి, ఒక్కో దూరంలో ఇరవై సార్లు చెప్పించండి. ఒక్కసారి కూడా మనిషిని పంది అననంత దూరమే ఆ స్కోపుకు, ఆ కంటికి, ఆ రాత్రికి హద్దు. మంచు పడిన రాత్రి ఆ హద్దు మళ్లీ మారుతుంది, మళ్లీ చూడాలి.

ఇక తీగకు కరెంటు పెట్టే పద్ధతి ఉండనే ఉంది. దానికి పందీ, పక్క చేను రైతూ ఒక్కటే, స్కోపుకున్న పాటి చూపు కూడా లేదు. రాజేంద్రనగర్ వ్యవసాయ శాస్త్రవేత్తలు వేరుశనగ చుట్టూ కుసుమను, మొక్కజొన్న చుట్టూ ఆముదాన్ని ఒత్తుగా వేయమని చెప్పి చాలా ఏళ్లయింది. కుసుమ ముళ్లు పందికి గుచ్చుకుంటాయి. మరుసటి పంటకు విత్తనాలు తెచ్చేటప్పుడే ఆ నాలుగు గింజలూ తెచ్చుకోవాలి, పైరు ఎదిగాక వేస్తే అందుకోదు.