కథలో దాగిన వ్యాకరణము

నారాయణగూడనుండి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ వైపు నడచువారికి నగర కేంద్ర గ్రంథాలయము ముంగిట కానవచ్చు దృశ్యము తెలిసినదే. పోటీపరీక్షలకు సిద్ధపడు యువతీయువకులు అచట పుస్తకములు వల్లించుచుందురు. ఇంగ్లీషున 'ఎ' ఎక్కడ, 'ది' ఎక్కడ అను సూత్రములను 25 ఏండ్ల వయసున కంఠస్థము చేయువారు వారిలో కలరు. ఈ పని పదేండ్ల వయసుననే, సూత్రము లేకయే, సగము ముగిసియుండవచ్చునని మా అభిప్రాయము.

ఇంగ్లీషు వ్యాకరణము మన పిల్లలకు కొరకరాని కొయ్య యగుటకు కారణము కలదు. తెలుగున 'ది' వంటి మాటయే లేదు. మన విభక్తులు నామమునకు వెనుక చేరగా, ఇంగ్లీషున ఆ పని చేయు మాటలు ముందు నిలుచును. మన క్రియ వాక్యము చివర కూర్చుండును. వారిది నడుమ దూరును. వ్యాకరణ గ్రంథము ఈ భేదమును చెప్పి, అయిదు వాక్యములలో ఖాళీలు పూరింపుమనును. ఆరవ వాక్యమును పిల్లవాడు స్వయముగా పలుకవలసినపుడు సూత్రము జ్ఞప్తికి రాదు.

కథ వేరొక త్రోవ త్రొక్కును. ఒక ఊరిలో రాజుండెనని చెప్పునపుడు ఇంగ్లీషు కథ 'ఎ కింగ్' అనును. మరుసటి వాక్యమున ఆయనయే 'ది కింగ్'. ఇపుడు మనకు తెలిసిన రాజు గదా! అంతలో ఒక కోతి వచ్చును; అది 'ఎ మంకీ'. కిరీటము ఎత్తుకొనిపోవు వేళకు అది 'ది మంకీ' అగును. చదువు బాలిక మనసంతయు కోతిపైననే యుండును గాని, ఆ చిన్నమాటల మార్పు ఆమె కంటబడుచునే యుండును. ఇరువది, ముప్పది కథలైన పిమ్మట 'కింగ్ కేమ్' అని ఎవరైన అన్నచో ఆమె చెవికి ఏదో వెలితి తోచును. కారణము చెప్పలేకపోవచ్చును. 'నాన్న వచ్చింది' అన్నచో నవ్వు తెలుగు బిడ్డ మాత్రము కారణము చెప్పగలడా? 'గో' అనునది 'వెంట్' అగుటయు ఇట్టిదే. దానికి సూత్రము లేదు. కథలు భూతకాలముననే నడచును గనుక, అట్టి క్రియలు పుటపుటకును ఎదురగును.

ఇది వట్టి ఊహ కాదు. ఎల్లీ, మంగుభాయ్ అను పరిశోధకులు ఫీజీ దీవుల పల్లెబడులలో 4, 5 తరగతులవారికి ఇంగ్లీషు కథల పుస్తకములు సుమారు 250 అందజేసి, ఫలితములను 1983లో ప్రకటించిరి. (1903 మొదలు మన తెలుగువారును చెరకుతోటల కూలికి పోయిన దీవులే అవి.) ఇంగ్లీషు ఇంటిభాష కాని ఆ పిల్లలు ఎనిమిది నెలలలో పఠనమున ఇతరులకు రెట్టింపు వేగమున ముందుకు సాగిరి. రెండవ యేట ఆ లాభము వ్రాతకును, వ్యాకరణమునకును ప్రాకెను.

అట్లని వ్యాకరణ పాఠము వలదనుట లేదు. వ్రాసినది దిద్దుకొనుటకు అది కావలెను. అయితే చెవికి అలవడిన దానికి పేరు పెట్టుట వేరు, ఎరుగని దానిని బట్టీపట్టుట వేరు.

2022-23 నుండి మన ప్రభుత్వ పాఠశాలలలో 8వ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినది. ఇంట ఇంగ్లీషు వినబడని పిల్లలకు కథల పుస్తకమే దిక్కు. ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయ పన్ను మనము చెల్లించుచునే యున్నాము. వారమునకొక సాయంకాలము బిడ్డను గ్రంథాలయమునకు తీసికొనిపోవచ్చును. పుస్తకము ఎన్నుకొనుట ఆమెకే విడువవలెను. బొమ్మలు చూచి ఎన్నుకొన్నను సరే, చదివినదే మరల చదివినను సరే. పుటలో తెలియని మాటలు మరీ ఎక్కువైనచో మరియొకటి తీసికొననిండు. చదివి మూయగానే 'ఇందులో క్రియలెన్ని?' అని మాత్రము అడుగకుడు.