మొదటిసారి క్రాస్ కంట్రీ పరుగెత్తే పిల్లల కోసం

క్రాస్ కంట్రీ ట్రాక్ మీద పరుగు కాదు. గడ్డి, మట్టి, ఎత్తుపల్లాల మీద సాగే దూరపు పరుగు. కనుక పోటీకి కనీసం 8 వారాల ముందే సాధన మొదలుపెట్టించండి. మొదట్లో వారానికి 3 రోజులు, ఎండ రాకముందే, కొంత నడక, కొంత పరుగు చాలు. పరుగెడుతూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే.

మోకాలి కింద ఎముక మీద ఒకేచోట నొక్కితే నొప్పి ఉంటే పరుగు ఆపించి డాక్టరుకు చూపించండి.

ఆడపిల్ల త్వరగా అలసిపోతుంటే బద్ధకమని తిట్టకండి. రక్తహీనత కావచ్చు, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండి పెట్టండి, ఇనుము బాగా ఒంటబడుతుంది.

పరుగులో స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. డాక్టరు చెప్పేవరకు మళ్ళీ పరుగెత్తనివ్వకండి. ఎండలో మాట తడబడితే నీడకు చేర్చి, ఒళ్ళంతా చన్నీళ్ళు పోస్తూ అంబులెన్సు పిలవండి.