ముందు మాటలా, ముందు సూత్రాలా?

కాలేజీలో తెలుగు చెప్పుకునే పంతులు కంప్యూటరు గురించి కలం పట్టడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పులేదు. నన్ను ఇందులోకి లాగినవాడు మా మేనల్లుడు.

కుర్రవాడు ఇంజనీరింగు మొదటి ఏడు. వేసవి సెలవులకు మా ఇంటికి వచ్చి, కొత్తావకాయ వడ్డించినా ముద్ద ఎత్తలేదు. రాత్రి డాబా మీద అసలు సంగతి బయటపెట్టాడు.

“మామయ్యా, సీ లాంగ్వేజిలో తప్పాను. అది నాకిక రాదు. చదువు మానేస్తాను. అమ్మతో నువ్వే చెప్పాలి.”

అక్కయ్య గాజులు తాకట్టుపెట్టి ఫీజు కట్టిన సంగతి మా ఇద్దరికీ తెలుసు. మర్నాడు పొద్దున్నే, “ఏదిరా, ఆ రానిదేదో నాకు చూపించు” అన్నాను.

చూపించాడు. మనం కొట్టిన అంకెను ప్రోగ్రాము లోపలికి తీసుకోవాలి, అంతే పని. దానికి స్కాన్‌ఎఫ్ అని రాసి, అంకెకు పెట్టిన పేరు ముందు ‘అండ్’ గుర్తు తగిలించాలట. మరిచిపోతే ప్రోగ్రాము కుప్పకూలినా కూలవచ్చు.

“ఆ గుర్తెందుకురా?”

“అది అడ్రసు, మామయ్యా. మెమరీలో గది నంబరు లాంటిది. రాయమన్నారు, రాస్తున్నాను.”

నా గుండె గతుక్కుమంది. నా క్లాసులో సంధి సూత్రాలు అప్పజెప్పే తీరు అచ్చంగా ఇదే! నాలుగు పద్యాలు చదివి సంతోషించినవాడికి సూత్రం అక్కరకొస్తుంది. లేనివాడికి అది గుదిబండ. బాలవ్యాకరణం పేరులో బాలుడున్నాడు గాని, ఆ పుస్తకంలోకి బాలుణ్ణి ఒంటరిగా పంపితే తిరిగి రాడు.

ఈ తగువు పాతదే. యంత్రానికి దగ్గరి భాషతో మొదలుపెట్టాలా, మనిషికి దగ్గరి భాషతోనా? 1957లో ఐబీఎంలో జాన్ బాకస్ బృందం ఫోర్‌ట్రాన్ తెచ్చి యంత్రభాష చాకిరీ తగ్గించింది. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కుర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల మేష్టర్లు, సైన్సు చదవని పిల్లలకు కూడా అందాలని బేసిక్ కల్పించారు. బేసిక్‌తో పాడైన బుర్రను బాగుచేయడం దాదాపు అసాధ్యమని 1975లో డైక్‌స్ట్రా కోప్పడ్డాడు. డొనాల్డ్ క్నూత్ అయితే 1968 నాటి తన ఉద్గ్రంథం కోసం మిక్స్ అనే ఊహాయంత్రాన్నే సృష్టించి, దాని భాషలోనే పాఠం చెప్పాడు. పై భాషల మోజులు మారుతుంటాయి, లోపల జరిగేది తెలియాలి అని ఆయన వాదం. ఇంతటివారి మధ్య నేనెంత! కాని ఆ క్నూతే ముందుమాటలో, చదివేవాడు అప్పటికే నాలుగు ప్రోగ్రాములైనా రాసి ఉండాలంటాడు. ఆ మొదటి నాలుగు ఏ భాషలో రాయాలన్నదే కదా మా తంటా!

అంచేత మేము పైథాన్ పట్టుకున్నాము. అందులో గది నంబరు గొడవ మన కంటపడదు. నాలుగోనాటికి వాడు సొంతంగా ఒక ప్రోగ్రాము రాశాడు. ఏమిటనుకున్నారు? అమ్మ గాజుల మీద నెలనెలా పెరిగే వడ్డీ లెక్క. నేను చూసి కిటికీ వైపు తిరిగాను.

అసలు వింత ఆ తర్వాత. పైసల దగ్గర పరీక్షిస్తూ 0.1కి 0.2 కలిపాడు. జవాబు 0.30000000000000004!

“మామయ్యా, ఇదెక్కడి నాలుగు?”

నెలల తరబడి ‘ఎందుకు’ అనని కుర్రవాడు అన్నాడు! ఆ రాత్రి భోజనాలు ఆలస్యమయ్యాయి. ఒకటిని మూడుతో భాగిస్తే మన దశాంశాలలో ఎలా తెగదో, పదో వంతు యంత్రం వాడే సున్నా-ఒకటి లెక్కలో అలాగే తెగదు. దానికి కేటాయించిన 64 బిట్లలో పట్టినంత ఉంచి తక్కినది సవరించేస్తుంది. ఆ తోకే ఈ నాలుగు.

పై భాష వచ్చింది కదా అని కింద చూడకపోతే కొంప మునుగుతుంది కూడా. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు లేచిన 40 సెకన్ల లోపే నాశనమైంది. 64 బిట్ల సంఖ్యను, 32,767 దాటితే పట్టని 16 బిట్ల చోటులోకి దూర్చబోయింది ప్రోగ్రాము. అది రాసింది ఏడా అనే పై భాషలోనే.

ఇది చదివాక వాడు సీ పుస్తకం తనంతట తానే తీశాడు. అండ్ గుర్తు దగ్గర ఆగి, “ఓహో, అంకెను ఎక్కడ పెట్టాలో చెప్పొద్దూ మరి!” అన్నాడు. తరవాతి పేజీలు ఇంకా కష్టంగానే ఉన్నాయి, అది వేరే సంగతి.

వెళ్లేనాడు ఆవకాయ సీసా పక్కనే ఆ పుస్తకం సర్దుకున్నాడు. సప్లిమెంటరీ పరీక్ష వచ్చే నెలలో. అక్కయ్యతో నేనింకా ఏమీ అనలేదు.