సీమలో ఏడు వింతలు: ఎంచుకోవడం ఎలా?

ఈ సంచికకి "రాయలసీమలో తప్పక చూడాల్సిన ఏడు" రాయమని మన క్లబ్బులో నాకు పని అప్పజెప్పారు. నాది మదనపల్లె దగ్గర వాల్మీకిపురం. మా పెద్దవాళ్ళకైతే ఇప్పటికీ వాయల్పాడే. సీమవాణ్ణే కాబట్టి ఒక్క రాత్రిలో అయిపోతుందనుకున్నా. పేపరు మీద పెట్టి చూస్తే ఇరవై మూడు పేర్లొచ్చాయి. ఏది కొట్టేసినా ఎవరో ఒక ఫ్రెండు ఊరు పోతుంది.

ఓటింగు పెడదామన్నారు కొందరు. 2007లో ప్రపంచపు కొత్త ఏడు వింతల్ని ఓట్లతోనే ఎంచారు, తాజ్‌మహల్ అలాగే అందులోకొచ్చింది. కానీ ఓటింగులో గెలిచేది ఫ్యాన్సున్న చోటు. అడవిలో దాక్కునే పిట్టకి ఓటెవరేస్తారు?

దారి చూపించింది నా రూమ్మేటు. వాడిది జోధ్‌పూర్. వాళ్ళ రాష్ట్రంలో బెస్ట్ ఏంటంటే జైసల్మేర్ కోట అంటాడనుకున్నా. వాడు ఆభానేరిలోని చాంద్ బావడీ ఫోటో తీశాడు. పదమూడు అంతస్తులు, దాదాపు 3,500 మెట్లు, అడుగున నీళ్ళు. "ఎడారిలో ఏది గొప్పదో తెలియాలంటే నీళ్ళ కోసం జనం ఏం చేశారో చూడు" అన్నాడు. ఆ మాట పట్టుకున్నా.

మనది ఎడారి కాదు. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన అనంతపురంలోనే అని చిన్నప్పటినుంచి వింటున్నాం. నిజానికి బాడ్మేర్, బికనీర్‌లలో అంతకంటే తక్కువ పడుతుంది. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, జైసల్మేర్‌లో అందులో సగం కూడా ఉండదు. కాకపోతే నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు ఖాళీ అయిపోతాయి, మనకి వచ్చేది మిగిలిందే. వాళ్ళకి ఇసుక, మనకి రాయి. దాహం ఇద్దరికీ ఉంది.

అందుకే రెండు ప్రశ్నలు పెట్టుకున్నా. ఒకటి, ఇది ఈ నేల మీద కాక ఇంకెక్కడైనా ఇలాగే ఉండేదా? రెండు, ఈ నేల రాయి గురించో నీటి గురించో మనకి కొత్తగా ఏమైనా చెబుతుందా? రెండింటికీ జవాబు చెప్పినవే కింద ఉన్నాయి.

1. గండికోట. నంది కొండల వైపు పుట్టిన పెన్న, జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండల్ని కోసుకుంటూ వెళ్తుంది. ఆ గండి అంచునే కోట. నది ఉన్న వైపు కాపలా శ్రమని చాలావరకు ఆ లోయే తప్పించింది. లోపల మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం ఉన్నాయి. ఫోటోలు లోయవే తీస్తాం, ధాన్యాగారం ముందు కూడా కాసేపు నిలబడండి. కరువు నేలలో కోటని కాపాడేది ఫిరంగి ఒక్కటే కాదని తెలుస్తుంది.

2. బెలుం గుహలు. కొలిమిగుండ్ల దగ్గర, పైన చూస్తే మామూలు మెట్ట పొలాలు. కింద 3,229 మీటర్ల గుహలు. వాననీరు గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని పలచని ఆమ్లమవుతుంది. అది సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పోతుంది. ఫస్టియర్ కెమిస్ట్రీలో ఒక్క లైను ఈక్వేషను, ఇక్కడ కిలోమీటర్ల పొడవున కనిపిస్తుంది. పైన నీళ్ళకి కటకట, లోపలంతా నీళ్ళు చేసిన పనే.

3. లేపాక్షి. విజయనగర కాలం, 16వ శతాబ్దం, విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం. వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి చూడని స్టూడెంట్ ఉండడు. పై బరువును చుట్టుపక్కల స్తంభాలు, దూలాలు పంచుకుంటున్నాయి, అందుకే నిలబడి ఉంది. నాకు మాత్రం అంతకన్నా నచ్చింది పూర్తికాని కల్యాణ మండపం. ఒక రాతి పని సగంలో ఎలా ఉంటుందో చూపించే చోట్లు తక్కువ. ఊరి మొదట్లోని ఒంటిరాతి నంది సరేసరి.

4. తిమ్మమ్మ మర్రిమాను. కదిరి దగ్గర. సుమారు ఐదెకరాల మేర పరుచుకుందని 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. కొమ్మ బరువెక్కే కొద్దీ ఊడ దిగుతుంది, ఊడ నేల తాకి స్తంభమవుతుంది, ఆ స్తంభం ఇంకో కొమ్మని మోస్తుంది. స్ట్రక్చర్స్ చదివే సివిల్ వాళ్ళు ఒకసారి ఆ నీడలో కూర్చోవాలి. ఏప్రిల్‌లో పోతే బయటికీ లోపలికీ తేడా ఒంటికే తెలుస్తుంది.

5. తిరుమల ఘాట్‌రోడ్డు. గుడి గురించి కాదు, దానికి నా ఓటు అక్కర్లేదు. బస్సు కిటికీలోంచి కనిపించే కొండ గోడ గురించి. కింద పాత గ్రానైటు, దాని మీద ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడిన క్వార్ట్‌జైట్. రెండింటి మధ్య కోట్ల సంవత్సరాల లెక్క లేదు, పుస్తకం మధ్యలో పేజీలు చిరిగిపోయినట్టు. దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. నేను ఎన్నోసార్లు నిద్రపోతూ దాటేశాను.

6. కలివికోడి అడవి. 1848లో జెర్డన్ లోకానికి తెలియజేసిన పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోయేసరికి అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించింది. అక్కడే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. ఇది రాత్రి తిరిగే పిట్ట, దానికి దట్టమైన అడవి పనికిరాదు. ముళ్ళపొదలు, మధ్యమధ్యలో ఖాళీ నేల కావాలి. మనం "ఉత్త కంపచెట్లు, దేనికీ పనికిరాని భూమి" అనేది దానికి ఇల్లు. తెలుగుగంగ కాలువ ఆ ఇంటి మీదుగా పోబోతే దారి మార్చాలని నిర్ణయించారు. సీమకి నీళ్ళూ కావాలి, పిట్టా బతకాలి. ఈ లిస్టులో మనం వెళ్ళకుండా ఉంటేనే బాగుండే చోటు ఇదొక్కటే.

7. పోరుమామిళ్ళ చెరువు. ఇరవై మూడింట్లో దీనికి ఫ్యాన్స్ ఎవరూ లేరు. నా లెక్కలో మొదటిది ఇదే. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించాడు. 1369 నాటి సంస్కృత శాసనం అక్కడ ఉంది. రోజుకి వెయ్యిమంది కూలీలు రెండేళ్ళు పనిచేశారని అందులో రాశారు. అంతటితో ఆగలేదు. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు చెప్పారు. నీటి శాస్త్రం తెలిసినవాడు కావాలి, గట్టి నేల కావాలి, దూరం నుంచి వచ్చే తియ్యటి నీటి ఏరు కావాలి, కట్ట మరీ పొడుగుండకూడదు, రాయి దగ్గర్లోనే దొరకాలి. దోషాలేమో: కట్ట ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దు, చెరువు మధ్యలో మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువ కావడం. సరిహద్దు దోషం చూసి నాకు నవ్వొచ్చింది. నీటి తగాదాలు ఈనాటివి కావన్నమాట. మన ఇరిగేషన్ పేపరులో సైట్ సెలక్షన్ అని చదివేది ఆరున్నర శతాబ్దాల కింద రాతి మీద ఉంది.

సెలవుల్లో ఈ లిస్టు మా అవ్వకి చదివి వినిపించా. అంతా విని, "మనూరు ఏదిరా దీంట్లో?" అంది.

లేదు. పట్టాభిరామస్వామి గుడి లేదు. పక్కనే తరిగొండలో పుట్టిన వెంగమాంబ లేదు. 1919లో టాగూరు జనగణమనను ఇంగ్లిష్‌లోకి అనువదించిన మదనపల్లె లేదు, హార్స్‌లీ హిల్స్ లేదు. నా రెండు ప్రశ్నలూ అవ్వకి వివరించా. రాయి, నీరు, ఈ నేల మాత్రమే చేయగలిగినవి అని.

"నీళ్ళే కదరా నీకు కావాల్సింది. పోరుమామిళ్ళకి బస్సెక్కి పోవాల. మన చెరువు కాడికి నడిస్తే చాలు. పోయి చూసొచ్చినావా?"

పోయి చాలా ఏళ్ళయింది. ఆ సాయంత్రం వెళ్ళా. అవ్వ చెప్పిన చెరువు, ఆమె చిన్నప్పుడు బట్టలుతికిన రాళ్ళతో సహా, సగం కంపచెట్లు. ఒక మూల చెత్త కుప్ప, ఇంకో మూల ఇళ్ళ కోసం తోలిన మట్టి. కట్ట మీద నిలబడి ఆ ఆరు దోషాల్నీ ఒక్కొక్కటే సరిచూశా. కట్ట ఊరడం లేదు, నేల చవుడు కాదు, మధ్యలో మిట్ట లేదు. కట్టినవాళ్ళు పొరపాటేమీ చేయలేదు. నీళ్ళొచ్చే వంక మూసుకుపోయింది, అంతే. అది మా కాలంలో జరిగింది.

లిస్టు మార్చలేదు, ఏడూ అవే. కానీ ఒక మాట కలుపుతున్నా. ఇవి చూడ్డానికి వెళ్ళే ముందు మీ ఊరి చెరువు కట్ట మీద ఒకసారి నడవండి. వంక ఎక్కడ్నుంచి వస్తుందో, ఎక్కడ ఆగిపోయిందో రాసుకోండి, వీలైతే ఫోటో తీయండి. తర్వాతి సంచికకి పంపితే అవన్నీ కలిపి వేద్దాం. మా ఊరిది నేను మొదలుపెట్టా. వంక దారి అవ్వ నోటితో చెబితే నోట్‌బుక్కులో గీసుకున్నా.