సిమెంటు పాఠానికి బట్టీ దగ్గరి ఇంజనీరు కావాలి

తాండూరు: వికారాబాద్, తాండూరు పల్లెల పిల్లలు ఎందరో ఇంజనీరింగు చదువుతున్నారు. సిమెంటు తయారీ గురించి వారికి పుస్తకం చెబుతుంది. సున్నపురాయిని పొడిచేసి, బంకమన్ను కలిపి, సుమారు 1450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాలిస్తే క్లింకరు వస్తుంది. దానికి జిప్సం చేర్చి మెత్తగా పొడిచేస్తే సిమెంటు. పరీక్షకు ఇది చాలు.

కాని బట్టీలో వేడి తగ్గితే ఏం చేయాలి? రాయి నాణ్యత మారితే పాళ్ళు ఎలా సరిచేయాలి? ఇది రాత్రి షిఫ్టులు చేసిన ఇంజనీరు చెప్పవలసిన పాఠం. అటువంటి అనుభవజ్ఞులు కరన్‌కోట్‌లోని కేంద్ర ప్రభుత్వ రంగ సిమెంటు కర్మాగారంలోనే ఉన్నారు. నాపరాయి పొర ఎక్కడ విడుతుందో గని మేస్త్రీలకు తెలుసు.

ఇటువంటి నిపుణులను తరగతికి రప్పించేందుకు మార్గం ఉంది. 2022లో యు.జి.సి. ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ నియమావళి తెచ్చింది. తమ రంగంలో పేరు పొంది, కనీసం 15 ఏళ్ళ అనుభవం ఉన్నవారిని విశ్వవిద్యాలయాలు, కళాశాలలు నియమించుకోవచ్చు. డిగ్రీ తప్పనిసరి కాదు. అయితే వీరి సంఖ్య మంజూరైన పోస్టులలో 10 శాతం మించరాదు.

ఏడాదికొకసారి పిలిచి, శాలువా కప్పి, గంటసేపు ఉపన్యాసం ఇప్పించి పంపితే ఒరిగేదేమీ లేదు. అధ్యాపకుడు సిద్ధాంతం చెప్పిన వారమే ఇంజనీరు వచ్చి, తాను ఎదుర్కొన్న చిక్కును విద్యార్థుల ముందుంచాలి. వారు లెక్కవేసి జవాబు చెప్పాలి. దానికి మార్కులుండాలి.

పిల్లలను చేర్పించే ముందు తల్లిదండ్రులు ఫీజుతోపాటు ఈ ఏర్పాటు గురించీ కళాశాలలను అడగడం మంచిది.