లో, హై: రెండూ చేరేది ఒక్కచోటికే

స్లో కుక్కర్ నాబ్ మీద మామూలుగా మూడు గుర్తులుంటాయి: లో, హై, వార్మ్. లో అంటే తక్కువ వేడి, హై అంటే ఎక్కువ వేడి అనుకుంటాం. చాలా మోడళ్లలో అది నిజం కాదు. దేంట్లో పెట్టినా కుండలోని పులుసు చివరికి చేరేది దాదాపు 98 డిగ్రీల సెల్సియస్‌కే. తేడా అంతా అక్కడిదాకా ఎక్కడానికి పట్టే సమయంలో ఉంది. హైలో 3, 4 గంటలు పడితే లోలో 7, 8 గంటలు. వంటల పుస్తకంలో ‘హైలో 4 గంటలు’ అని ఉన్నదాన్ని ‘లోలో 8 గంటలు’గా మార్చుకోగలుగుతున్నది ఇందుకే.

అంతసేపు ఎందుకో వాట్లు చెబుతాయి. ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లు లాగితే, స్లో కుక్కర్ హైలో లాగేది సుమారు 200. మూడు కిలోల కూరను 30 డిగ్రీల నుంచి 98కి తేవాలంటే రమారమి 850 కిలోజౌళ్లు కావాలి. 200 వాట్లలో ఒక్క చుక్క వేడి కూడా వృథా కాకపోతే అది 70 నిమిషాల పని. కానీ బరువైన పింగాణీ కుండ కూడా వేడెక్కాలి. గోడల నుంచి, మూత నుంచి వేడి పోతూనే ఉంటుంది. దాంతో 70 నిమిషాలు కాస్తా మూడు గంటలు దాటుతుంది. మధ్యలో మూత తీసి చూశారో, మరో 20, 30 నిమిషాలు కలుపుకోవాల్సిందే. పల్లెల్లో దాలిలో పిడకల సెగ మీద పాలు కాగిన తీరే ఇది. అక్కడ కుండను ఎవరూ మాటిమాటికీ తెరిచేవారు కాదు.

ఈ నెమ్మదితనంలో ఒక చిక్కుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. ఆహారం ఆ మధ్యలో ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది. అందుకే ఫ్రీజర్‌లోంచి తీసిన గడ్డకట్టిన మాంసాన్ని నేరుగా ఇందులో వేయకూడదు. మొదటి గంట హైలో పెట్టి, తర్వాత లోకు తిప్పడం మేలు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే, చూడ్డానికి ఉడికినట్టే ఉన్నా ఆ కూర పారబోయడమే. కోతలుండే ఊళ్లలో ఉదయం స్విచ్ వేసి ఆఫీసుకు వెళ్లిపోయేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

అసలు ప్రమాదం రాజ్మాతో. పచ్చి ఎర్ర రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకనివి నాలుగైదు గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు పట్టుకోవచ్చు. బాగా మరిగిస్తే అది విరిగిపోతుంది. కుక్కర్ సరిగా వేడెక్కక 80 డిగ్రీల దగ్గర ఆగిపోతే మాత్రం గింజ పచ్చిదానికన్నా ఐదింతల దాకా విషపూరితం కావచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిస్తుంది. గింజ మెత్తబడిందంటే ఉడికిందనుకోవడానికి ఇక్కడ వీల్లేదు. ఎఫ్‌డీఏ చెప్పే పద్ధతి ఇది: 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో 30 నిమిషాలు తెర్లించాలి. ఆ తర్వాతే స్లో కుక్కర్‌లోకి. కందిపప్పుకు ఈ బెడద లేదు.

విచిత్రమేమిటంటే ఈ యంత్రం పుట్టింది చిక్కుడు గింజల కోసమే. షికాగోకు చెందిన ఇర్వింగ్ నాక్సన్ దీనికి 1936లో పేటెంటు దరఖాస్తు పెట్టాడు, 1940లో మంజూరైంది. లిథువేనియా యూదు కుటుంబం నుంచి వచ్చిన ఆయన తల్లి, వాళ్ల ఊళ్లో శుక్రవారం సాయంత్రం గింజలు, మాంసం వేసిన కుండను బేకరీ పొయ్యిలో పెట్టి మర్నాడు తెచ్చుకునే చోలెంట్ గురించి చెప్పేదట. యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు నిప్పు రాజేయకూడదు కదా. 1970లో రైవల్ కంపెనీ నాక్సన్ వ్యాపారాన్ని కొని, మరుసటి ఏడాది ఈ యంత్రాన్నే క్రాక్‌పాట్ పేరుతో అమ్మింది.

మన వంటల్లో దీనికి సరిగ్గా సరిపోయేది పాయా. కాళ్లలోని గట్టి కొలాజెన్ 70 డిగ్రీలు దాటాక మెల్లగా జెలటిన్‌గా కరుగుతుంది. దానికి కావాల్సింది గంటలే, పెద్ద మంట కాదు. అదే చికెన్ బ్రెస్టును 8 గంటలు పెడితే పీచుపీచు అవుతుంది. బంగాళాదుంప, క్యారెట్ మాంసం కన్నా ఆలస్యంగా ఉడకడం చాలామందికి వింత. వాటిని పట్టి ఉంచే పెక్టిన్ 85 డిగ్రీల దగ్గర గానీ సడలదు. కాబట్టి దుంపలు అడుగున, మాంసం పైన. చింతపండు పులుపు ఆ సడలింపును ఇంకా ఆపుతుంది, పులుసు చివరి అరగంటలోనే పోయాలి. నీళ్లు ఆవిరై పోవు కాబట్టి మూడోవంతు తగ్గించండి. పోపు మాత్రం విడిగా బాణలిలోనే.

ఇందులో కేకు, బ్రెడ్ కూడా చేస్తారు. బ్రెడ్ మధ్యభాగం ఉడకడానికి 95 డిగ్రీలు చాలు. పైన ఎర్రబడాలంటే మాత్రం 140 దాకా కావాలి, మూత కింద ఆ వేడి రాదు. మూతకు పట్టిన ఆవిరి బొట్లుగా పిండి మీద పడకుండా దాని కింద ఒక పొడి గుడ్డ పరచాలి. రంగు కావాలంటే చివర్లో గ్రిల్ కిందో పెనం మీదో పెట్టాలి. నా మటుకు నాకు కేకు పరవాలేదు, తెల్లటి బ్రెడ్ మీదే మోజు కలగలేదు.

ఖర్చు? 8 గంటల వంటకు సుమారు 1.2 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే 7 రూపాయల పైమాట. ప్రెషర్ కుక్కర్‌లో పప్పుకు 60 గ్రాముల గ్యాస్ అనుకుందాం. 14.2 కిలోల సిలిండర్ 900 రూపాయలైతే అది 4 రూపాయల్లోపే. పప్పు కోసం స్లో కుక్కర్ కొనడం దండగ.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకుందామనుకుంటే ముందు అడుగున అతికించిన చీటీ చదవమనండి. అక్కడివి 120 వోల్టులవి. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే 240 వాట్ల కుక్కర్ 880 వాట్ల దాకా లాగుతుంది, ఎలిమెంటు కాలిపోతుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ విడిగా కొనాలి. దాని ధర, బరువు కూడా కలుపుకుంటే ఇక్కడ 230 వోల్టులది చూసుకోవడమే నయం.