ఇంకా రాని ఫోనును కొలవడం ఎలా?

పిల్లలూ! జూన్, జూలై నెలలు వచ్చాయంటే మా పూతలపట్టు ప్రాంతంలో రోడ్ల పక్కన తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరి కనిపిస్తాయి. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు తన వంతు వచ్చేదాకా రైతు ఒక్కోసారి పగలూ రాత్రీ కాచుకోవలసి వస్తుంది. ఇంటితో మాట్లాడాలన్నా, ధర తెలుసుకోవాలన్నా అప్పుడు చేతిలో ఫోను ఉండాలి, అందులో చార్జింగు ఉండాలి.

2024 జూలైలో అటువంటి రైతు ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని మా స్కూలుకు వచ్చారు. ఆ కుర్రవాడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. తండ్రి ఫోను ట్రాక్టరు మీది నుంచి పడి, తెర సగం నల్లబడిపోయింది. కాయలమ్మిన డబ్బులో పదిహేను వేలు తీసి కొత్త ఫోను కొనాలని ఆయన ఉద్దేశం. కొడుకు ఒప్పుకోవడం లేదు. ఇంకో ఆరు నెలలు ఆగితే 7,000 బ్యాటరీతో సన్నటి ఫోను వస్తుందని వాడి వాదన.

"వీడు చెప్పేది నిజమేనా అయ్యవారూ? నిజమైతే ఎట్లో ఆగుతాను. ఉత్తదైతే ఈ వారమే కొనేస్తాను" అన్నారాయన.

కుర్రవాడు జేబులోంచి ఒక కాగితం తీశాడు. అక్కడా ఇక్కడా చూసి రాసుకున్న వివరాలవి. బ్యాటరీ 7,000 మిల్లీ ఆంపియర్ అవర్లు. మందం 8 మిల్లీమీటర్ల లోపు. కెమెరా 200 మెగాపిక్సెళ్లు. చిప్పు 3 నానోమీటర్లు. వీటిలో ఏ ఒక్కటీ కంపెనీ తన నోటితో చెప్పింది కాదు. అన్నీ గాలికబుర్లే. అయితే గాలికబురు అయినంత మాత్రాన అబద్ధం కానక్కరలేదు కదా! దాన్ని తూచి చూడడానికి మీకు స్కూల్లో చెప్పే భౌతికశాస్త్రం చాలు. నేను సుద్దముక్క తీసుకుని నల్లబల్ల దగ్గరకు వెళ్లాను.

ముందుగా ఒక సంగతి. మిల్లీ ఆంపియర్ అవర్లు అన్నది శక్తికి కొలత కాదు, అది విద్యుదావేశానికి కొలత. మిద్దె మీద తొట్టిలో ఎన్ని నీళ్లున్నాయో చెప్పినంత మాత్రాన అవి ఎంత పని చేయగలవో తెలియదు; తొట్టి ఎంత ఎత్తున ఉందో కూడా తెలియాలి. ఇక్కడ ఆ ఎత్తు వోల్టేజి. ఫోను బ్యాటరీ సగటున సుమారు 3.8 వోల్టులు ఇస్తుంది. 7,000 మిల్లీ ఆంపియర్ అవర్లంటే 7 ఆంపియర్ అవర్లు. 7ను 3.8తో గుణిస్తే 26.6 వాట్ అవర్లు. ఇదీ అసలు శక్తి.

ఇక చోటు సంగతి. 8 మిల్లీమీటర్ల ఫోనులో తెర, వెనుక పలక, వాటి మధ్య సందులు కలిసి సుమారు 3 మిల్లీమీటర్లు తింటాయి. బ్యాటరీకి మిగిలేది 5 మిల్లీమీటర్లు, అంటే అర సెంటీమీటరు. పైభాగంలో కెమెరాలు, సర్క్యూట్ బోర్డు, అడుగున స్పీకరు ఉంటాయి కనుక నిలువున 10 సెంటీమీటర్లు, అడ్డంగా 6.5 సెంటీమీటర్లు దొరుకుతాయనుకుందాం. 10, 6.5, 0.5 మూడింటినీ గుణిస్తే 32.5 ఘనసెంటీమీటర్లు. గ్రాఫైటు వాడే మంచి లిథియం బ్యాటరీలో ఘనసెంటీమీటరుకు సుమారు 0.7 వాట్ అవర్ల శక్తి పడుతుంది. అంటే మొత్తం 22.75 వాట్ అవర్లు. దాన్ని 3.8తో భాగిస్తే 6 ఆంపియర్ అవర్లు వస్తుంది. 7 రాదు.

"చూశావురా? 6,000కు మించి పట్టదు. ఇది అబద్ధం" అని తేల్చేశాను. తండ్రి ఆ వారమే ఫోను కొనుక్కున్నారు.

2025 ఏప్రిల్ వచ్చింది. మన దేశంలోనే ఐకూ జెడ్10, వివో టి4 అనే రెండు ఫోన్లు విడుదలయ్యాయి. రెండింటిలోనూ బ్యాటరీ 7,300 మిల్లీ ఆంపియర్ అవర్లు. మందం 8 మిల్లీమీటర్ల లోపు! కుర్రవాడు ఆ ప్రకటన కత్తిరించి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

నా లెక్క ఎక్కడ తప్పింది? గుణకారం తప్పలేదు. చోటు కూడా పెద్దగా మారలేదు. తప్పింది 0.7 దగ్గర. దాన్ని నేను ప్రకృతి గీసిన గీత అనుకున్నాను. అది మనిషి పనితనం అప్పటికి చేరుకున్న మెట్టు మాత్రమే. 7,300 మిల్లీ ఆంపియర్ అవర్లంటే దాదాపు 27.7 వాట్ అవర్లు. నేననుకున్న 32.5 ఘనసెంటీమీటర్లలోనే అది ఇమిడిందంటే, ఘనసెంటీమీటరుకు 0.85 వాట్ అవర్లు పట్టించి ఉండాలి. ఎలా పట్టించారు?

లిథియం బ్యాటరీని చార్జి చేసేటప్పుడు లిథియం అయాన్లు ఒకవైపు నుంచి ప్రయాణించి రుణధ్రువంలోకి చేరి దాక్కుంటాయి. వాడేటప్పుడు తిరిగి వెనక్కి వెళతాయి. ఆ దాక్కునే ఇల్లు ఇన్నాళ్లూ గ్రాఫైటు, అంటే మీ పెన్సిలు ముల్లులో ఉండే కర్బనమే. ఇందులో 6 కర్బన పరమాణువులకు ఒక్క లిథియం అయాన్ చొప్పున చోటు దొరుకుతుంది. 6 కర్బన పరమాణువుల భారం 6ను 12తో గుణిస్తే 72. అంటే 72 గ్రాముల కర్బనంలో ఒక మోల్ లిథియం పడుతుంది. ఒక మోల్ ఆవేశం 96,500 కూలుంబులని ఫారడే నియమాల్లో చదువుకుంటారు. ఒక మిల్లీ ఆంపియర్ అవర్ అంటే 3.6 కూలుంబులు. 96,500ను 3.6తోనూ, తర్వాత 72తోనూ భాగించి చూడండి. గ్రాము గ్రాఫైటుకు సుమారు 372 మిల్లీ ఆంపియర్ అవర్లు వస్తుంది. దీన్ని ఏ కంపెనీ దాటలేదు. ఇది మాత్రం నిజంగా ప్రకృతి గీసిన గీతే.

గీత దాటలేకపోతే ఇల్లు మార్చవచ్చు కదా! సిలికాన్‌లో 4 పరమాణువులు కలిసి 15 లిథియం అయాన్లకు చోటిస్తాయి. సిలికాన్ పరమాణు భారం 28. లెక్క మీరే వేయండి. గ్రాముకు దాదాపు 3,580 వస్తుంది. గ్రాఫైటు కన్నా తొమ్మిదిన్నర రెట్లకు పైనే! మరి ఇంతకాలం ఎందుకు వాడలేదు? శెనగలు నానబోసినప్పుడు ఏమవుతుందో చూశారుగా. గిన్నె నిండుగా శెనగలు పోసి నీళ్లు పోస్తే తెల్లారేసరికి ఉబ్బి కింద పడతాయి. లిథియం నిండిన సిలికాన్ అంతకన్నా ఎక్కువగా, మూడు నాలుగు రెట్లు ఉబ్బుతుంది. లిథియం వెళ్లిపోతే ముడుచుకుంటుంది. రోజూ ఉబ్బుతూ, ముడుచుకుంటూ ఉంటే కొన్నాళ్లకు పొడిపొడి అయిపోతుంది. అందుకని శాస్త్రజ్ఞులు సన్నటి రంధ్రాలున్న కర్బనంలో సిలికాన్ నలుసులను ఇమిడ్చారు. ఉబ్బితే రంధ్రంలోనే ఉబ్బుతుంది, గోడ పగలదు. దీన్నే సిలికాన్ కర్బన బ్యాటరీ అంటున్నారు. 2023 మార్చిలో ఆనర్ కంపెనీ చైనాలో అమ్మిన మ్యాజిక్5 ప్రో ఫోనులో ఇది వచ్చింది. చైనా ఫోనులో 5,450, ఇతర దేశాలకు పంపిన అదే ఫోనులో 5,100. అంటే నేను నల్లబల్ల మీద లెక్క వేసేనాటికే ఈ బ్యాటరీ బజారులో ఉంది! పాఠం చెప్పేవాడు కూడా పాఠం చదువుకుంటూ ఉండాలి.

తొమ్మిది రెట్ల ఇల్లు దొరికాక బ్యాటరీ తొమ్మిది రెట్లు కావాలి కదా అని మీరు అడగవచ్చు. కాదు. ఇందులో సిలికాన్ పాలు ఇంకా తక్కువే. పైగా మార్చింది రుణధ్రువాన్ని ఒక్కదాన్నే. ఎదురుగా ధనధ్రువం పాతదే, దాని చోటు దానికి కావలసిందే. ఇంట్లో ఒక గది సామాను సర్దినంత మాత్రాన రెండో గది ఖాళీ కాదు. అందుకని రేపు ఎవరైనా అదే మందంలో 20,000 అంటే నమ్మకండి. ఇంకో వెయ్యి పెరిగిందంటే మాత్రం నాలాగా తొందరపడి నవ్వకండి.

రవాణా నిబంధన కూడా ఒకటుంది. ఒక్కో లిథియం సెల్లు 20 వాట్ అవర్లు దాటితే విమానాల్లో, ఓడల్లో పంపడానికి నియమాలు కఠినమవుతాయి. 20ని 3.8తో భాగిస్తే సుమారు 5,260 మిల్లీ ఆంపియర్ అవర్లు. కొన్ని దేశాలకు వెళ్లే ఫోన్లలో బ్యాటరీ 5,000 దగ్గరే ఆగిపోవడానికి ఇదొక కారణం. అలా కాదంటే రెండు చిన్న సెల్లులు పక్కపక్కన పెడతారు.

ఈ ఫోన్లూ బ్యాటరీలూ ఎక్కడో పుట్టేవి అనుకోకండి. 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో విడుదలైన రెడ్మీ 2 ప్రైమ్ ఫోను, సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ వారు తయారుచేసింది. అప్పటికి శ్రీసిటీ మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. ఆ ఫోను మందం 9 మిల్లీమీటర్లకు పైగా ఉండేది, బ్యాటరీ 2,200 మాత్రమే. పదేళ్లలో ఫోను నిలువునా అడ్డంగా పెరిగింది, సన్నబడింది, బ్యాటరీ మూడు రెట్లు దాటింది.

తిరుపతిలో మునోత్ ఇండస్ట్రీస్ వారి లిథియం సెల్లుల ఫ్యాక్టరీలో 2022 సెప్టెంబరులో ప్రయోగాత్మక ఉత్పత్తి ప్రారంభమైంది. అప్పటి ప్రకటనలో రెండు అంకెలున్నాయి. రోజుకు 10 ఆంపియర్ అవర్ల సెల్లులు 20,000. మొత్తం సామర్థ్యం 270 మెగావాట్ అవర్లు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగుతాయా? సెల్లు వోల్టేజి 3.7 అనుకుంటే ఒక్కో సెల్లులో 37 వాట్ అవర్లు. 20,000 సెల్లులకు 7,40,000. ఏడాదికి 365తో గుణిస్తే 27 కోట్ల వాట్ అవర్లు, అంటే సరిగ్గా 270 మెగావాట్ అవర్లు! అంకెలు అతికాయి. కాకపోతే ఆ లెక్కలో ఆదివారం సెలవు లేదు.

ఇప్పుడు కుర్రవాడి కాగితంలో కెమెరా దగ్గరకు వద్దాం. 200 మెగాపిక్సెళ్లంటే 20 కోట్ల చుక్కలు. ఇది అబద్ధం కాదు. శామ్‌సంగ్ 2022లో ప్రకటించిన ఒక సెన్సరులో పిక్సెలు వెడల్పు 0.56 మైక్రోమీటర్లు. అడ్డంగా 16,320, నిలువుగా 12,288 పిక్సెళ్లు. గుణించి చూడండి, సెన్సరు 9.1 మిల్లీమీటర్ల వెడల్పు, 6.9 మిల్లీమీటర్ల ఎత్తు వస్తుంది. మీ చిటికెన వేలి గోరంత! ఎర్ర కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 0.65 మైక్రోమీటర్లు. అంటే కాంతి అల కన్నా దాన్ని పట్టే గిన్నె చిన్నది.

ఇక్కడ అడ్డుపడేది పనితనం కాదు, కాంతి స్వభావం. ఎంత మంచి కటకమైనా దూరపు నక్షత్రాన్ని చుక్కగా చూపలేదు. కాంతి వివర్తనం చెంది చిన్న బిళ్లగా పరుచుకుంటుంది. ఈ బిళ్ల వ్యాసం ఎంతో 1835లో ఎయిరీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు లెక్కగట్టాడు. తరంగదైర్ఘ్యాన్ని కటకపు ఎఫ్ సంఖ్యతోనూ, 2.44తోనూ గుణించాలి. ఆకుపచ్చ కాంతికి 0.55, ఫోను కటకానికి 1.7 తీసుకుంటే దాదాపు 2.3 మైక్రోమీటర్లు. అంటే ఒక్క నక్షత్రం అటు నాలుగు, ఇటు నాలుగు పిక్సెళ్ల మీద పడుతుంది. అందుకే ఇటువంటి కెమెరాలు మామూలుగా 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపి ఫోటో తీస్తాయి. 200ను 16తో భాగిస్తే 12.5 మెగాపిక్సెళ్లు. పేరు 200, చేతికొచ్చేది 12.5. పట్టపగలు వెలుతురులో పూర్తి 200 వాడితే కొంత లాభం ఉంటుంది గాని, అంకె చూసి మురిసిపోనక్కరలేదు. సిలికాన్ రావచ్చు, ఇంకేదో రావచ్చు. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యాన్ని మాత్రం ఎవరూ తగ్గించలేరు.

3 నానోమీటర్ల చిప్పు సంగతికి ఎక్కువ చోటు అక్కరలేదు. ఒకప్పుడు ఆ అంకె ట్రాన్సిస్టరులో ఒక భాగపు కొలత. ఇప్పుడు అది ఆ తరం చిప్పులకు పెట్టిన పేరు. పేరును స్కేలుతో కొలవలేం.

ఇంతకీ ఈ కబుర్లు ముందే ఎలా బయటికొస్తాయంటారా? ఫోను అమ్మకానికి రాకముందే కంపెనీ ప్రభుత్వ సంస్థల దగ్గర దాన్ని నమోదు చేయించాలి. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ, అమెరికాలో ఎఫ్.సి.సి., చైనాలో టెనా అనే నమోదు పట్టిక ఉన్నాయి. మన పట్టికలో చాలావరకు మోడలు నంబరే ఉంటుంది. చైనా పట్టికలో మందం, బరువు, బ్యాటరీ కూడా కనిపిస్తాయి. అక్కడ రాసేది కనీస హామీ సామర్థ్యం కనుక ప్రకటనలో కన్నా కొంచెం తక్కువగా ఉంటుంది. ఏ కబురైనా "పట్టికలో ఉంది" అంటే ఒక బరువు, "ఎవరో అన్నారు" అంటే ఇంకో బరువు.

ఇక ఆ తండ్రీకొడుకుల మాట. 2025 మామిడి కాలంలో ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆయన కనబడితే, నా మాట విని తొందరపడ్డందుకు కోపంగా ఉందా అని అడిగాను. "తొమ్మిది నెలలు ఫోను లేకుండా ఎట్ల అయ్యవారూ?" అన్నారు నవ్వుతూ. కొడుకు మాత్రం నన్ను వదల్లేదు. వాడి చేతిలో అప్పటికే ఇంకో కాగితం ఉంది. బ్యాటరీ 9,000, మందం 8.5 మిల్లీమీటర్లు. ఈసారి నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పైన వేసిన కొలతలే తీసుకోండి, బ్యాటరీ మందం మాత్రం 5.5 మిల్లీమీటర్లు చేయండి. ఘనసెంటీమీటరుకు ఎన్ని వాట్ అవర్లు పట్టాలో కట్టి చూడండి. వచ్చిన అంకెను 0.7 పక్కనా, 0.85 పక్కనా పెట్టి, వాళ్ల నాయనను ఆగమంటారో కొనమంటారో మీరే చెప్పండి.